ఉడికించిన మన్ను

మా పొలంలో కాలువ దిగువన ఒక మడి ఉండేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ఎనభైల నడుమ, అందులో పసుపు వేసేవాళ్ళు. తర్వాత పెద్ద కాలువ నీళ్ళు పుష్కలంగా రావడం మొదలైంది. పై చేలకు అది మంచిదే అయింది. పల్లంలో ఉన్న ఆ మడికి మాత్రం ఊట దిగి నీళ్ళు నిలిచిపోయేవి. ఎండాకాలం వచ్చి నీళ్ళు ఇంకిపోతే నేల మీద తెల్లగా ఉప్పు పొరలు పొరలుగా లేచేది. పసుపు ఆకుల కొసలు కాలినట్టయ్యేవి. మక్క వేస్తే బెత్తెడు లేచి ఆగిపోయేది. చివరికి మా ఆయన దాన్ని ఏమీ వేయకుండా పడావు పెట్టాడు. అప్పటినుంచి దాన్ని మా ఇంట్లో మడి అనడం మానేసి 'సౌడు' అనడం మొదలుపెట్టారు.

మా అత్త మాత్రం అది కాలువ వల్ల వచ్చిన చౌడు అంటే ఒప్పుకునేది కాదు. పక్క చేను రైతే ఏదో చేస్తున్నాడని ఆమె నమ్మకం. ఆయన చేనులో కూడా అంచున కొంత తెల్లబడింది. అది మాకు చూపించడానికి కావాలని చేసుకున్నదేనని ఆమె అనేది. ఆయనకు మా మీద అనుమానం. మేం మడిలో నీళ్ళు ఎక్కువ కట్టి ఉప్పును ఆయన వైపు నెడుతున్నామని ఊళ్ళో చెప్పేవాడు. వరుసకు మా అత్త ఆయనకు వదిన, నాకు ఆయన మామ. ఎదురుపడితే "తిన్నవా వదినా" అని అడిగేవాడు. ఆమె "ఆఁ" అనేది. ఆయన అటు తిరగగానే "నేను ఇంట్ల ఉన్ననా, పొలం కాడ ఉన్ననా అని అడుగుతుండు" అనేది నాతో.

మా అత్తది అలాంటి మనసు. పాలు పోసేవాడిని, బస్సు కండక్టరును, పెండ్లి చూపులకు వచ్చినవాళ్ళను, అందరినీ ఆమె ఒకే చూపు చూసేది. కొత్త కోడలిగా నన్నూ చాలాకాలం అలాగే చూసింది. పదో తరగతి చదివానని నామీద కొంచెం ఎక్కువే అనుమానం.

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం చివర, వ్యవసాయ ఆఫీసరు ఒక అమ్మాయిని మా ఇంటికి తీసుకొచ్చాడు. కాలేజీలో పెద్ద చదువు చదువుతోందని, చౌడు భూముల మీద పని చేస్తోందని, మన మడిని చూపించమని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు. పెర్కిట్‌లో బస్సు దిగి ఆటోలో వచ్చిన ఆ పిల్ల భుజానికి ఒక సంచి, చేతిలో చిన్న గునపం. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. నేను, మా అత్త ఆమెను మడి దగ్గరికి తీసుకుపోయాం.

ఆమె మడి మధ్యకు పోలేదు. గట్టు వార బతికి ఉన్న గరిక దగ్గర కూర్చుని, వేళ్ళు తెగకుండా మెల్లగా తవ్వి, మన్నుతో సహా తీసి కవర్లో వేసుకోవడం మొదలుపెట్టింది. మా అత్త చాలాసేపు నిలబడి చూసింది.

"ఎవల పిల్లవు బిడ్డా నువ్వు?"

"కరీంనగర్ దిక్కమ్మా."

"గరిక తవ్వుడు గూడ గా చదువులనే ఉన్నదా?"

ఆ పిల్ల నవ్వింది. "ఉన్నదమ్మా. గీ సౌడుల మీ పంటలన్నీ పోయినయి గదా. గీ గరిక ఎట్ల బతికిందో చూడాలె."

"గరిక యాడ చస్తది? దానికి చదువెందుకు?" అంది మా అత్త.

ఇంటికొచ్చాక ఆమెకు రకరకాల అనుమానాలు మొదలయ్యాయి. కాలువ వెడల్పు చేయడానికి భూమి తీసుకుంటారేమో, అందుకే మన్ను పట్టుకుపోయింది అంది కాసేపు. అంకాపూర్‌కు విత్తనాల కంపెనీల జీపులు వస్తుంటాయి కదా, వాళ్ళే పంపి ఉంటారు అంది కాసేపు. చివరికి, పెండ్లి కాని పిల్ల ఒక్కతే ఊరూరూ తిరిగి వేళ్ళు ఏరుకోవడమేమిటి, మందూ మాకూ చేసేదేమో కనుక్కో అని నాతో అంది. నాకు నవ్వొచ్చింది కానీ, ఆ పిల్ల మా చేనులో చూసినదేమిటో నాకూ అర్థం కాలేదు. అర్థం కానిదాని మీద అనుమానం రావడానికి ఎక్కువసేపు పట్టదు.

మరుసటి ఏడు వానలు మొదలయ్యే ముందు ఆమె మళ్ళీ వచ్చింది. మడిలో కొంత భాగం ఒక పంటకాలం తనకు ఇస్తే మక్క వేసి పరీక్ష చేస్తానంది. మా ఆయన "ఎట్లైన పడావు భూమే గదా, పెట్టుకోని" అన్నాడు. మా అత్త ఏమీ అనలేదు. అనకపోవడం ఆమె విషయంలో ఒప్పుకున్నట్టు కాదు.

విత్తే రోజు ఆ పిల్ల గుడ్డసంచులు తెచ్చింది. కొన్నిటి మూతికి ఎర్రదారం, కొన్నిటికి పచ్చదారం, మన పసుపు రంగుది. అన్నిటిలోనూ మన్నే ఉంది, పొడిపొడిగా, అందులో సన్నటి వేళ్ళ ముక్కలు. గింజ వేసే ప్రతి గుంతలో పిడికెడు మన్ను తనే వేసింది. కొన్ని సాళ్ళలో ఎర్రదారం సంచిది, కొన్ని సాళ్ళలో పచ్చదారం సంచిది. మధ్యలో చిన్న కట్టలు వేయించింది. మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. ఒక సాలు నుంచి ఇంకో సాలుకు పోయేటప్పుడు కాళ్ళు, చేతులు కడుక్కోమంది.

"మాకేమన్న అంటు ఉన్నదా?" అంది మా అత్త.

"అంటు మీకు కాదమ్మా. ఇది గా సాళ్ళకు అంటొద్దని."

"ఏంది ఇది?"

ఆ పిల్ల ఒక క్షణం ఆగింది. ఏ మాట వాడాలా అని వెతుక్కున్నట్టుంది. "ఒక తీరు బూజమ్మా. మంచి బూజు. చెట్టు వేర్లల్ల ఉంటది."

ఆ మాటతో ఇల్లంతా లేచింది. పసుపు పండించేవాళ్ళకు బూజు అంటే దుంపకుళ్ళు. పై చేనులో పసుపు ఉంది. వానాకాలం నడుమ ఆకులు పండుబారి, లాగితే కాడ చేతికొచ్చి, దుంప మెత్తగా కంపు కొట్టడం మేమందరం చూసినవాళ్ళమే. బూజు వల్లే వస్తుందని చెప్పి మందు కొట్టించింది కూడా ఆ వ్యవసాయ ఆఫీసరే. ఇప్పుడు ఆయనే పంపిన పిల్ల బూజును సంచుల్లో తెచ్చి మా భూమిలో పోస్తోంది. ఈసారి నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి మా ఆయన కూడా సరిగ్గా తినలేదు. మరునాడు పొద్దున్నే ఆమె వచ్చే దారిలో నిలబడి అడిగాడు.

ఆమె గట్టు మీద కూర్చుని చెప్పింది. దుంపను కుళ్ళబెట్టే బూజు వేరు, ఇది వేరు, మీ గట్టు మీది గరిక వేళ్ళలో దొరికినదాన్నే కాలేజీలో పెంచి తెచ్చాను అంది. ఇది మొక్క వేరు లోపల చేరి, అక్కణ్ణుంచి వెంట్రుకకన్నా సన్నటి పోగులు మన్నులోకి పంపుతుందట. వేరు అందుకోలేని దూరం నుంచి నీళ్ళు, భాస్వరం తెచ్చి ఇస్తుందట. చౌడులో నీళ్ళున్నా వేరు తాగలేదు, ఉప్పు తాగనివ్వదు; ఈ పోగులుంటే కొంచెం నయం, ఉప్పు కూడా మొక్క ఆకుల దాకా ఎక్కడం తగ్గుతుంది అంది.

"పుక్కట్ల ఎవలు చేస్తరు గీ పని?" అని అడిగింది మా అత్త.

"పుక్కట్ల కాదమ్మా. చెట్టు ఆకుల్ల చేసుకున్న చక్కెరల కొంత దానికి పెడ్తది."

మా అత్త మొహంలో కొంచెం మార్పు వచ్చింది. ఊరికే మేలు చేసేవాళ్ళ మీద ఆమెకు నమ్మకం లేదు. తిండికి పని చేసేదంటే ఏమన్నా అర్థం చేసుకోగలదు. అయినా "పసుపు దిక్కు రానియ్యకు" అని మాత్రం గట్టిగా చెప్పింది.

మక్క మొలిచింది. మొదట అన్ని సాళ్ళూ ఒకలాగే కనిపించాయి. మోకాలెత్తుకు వచ్చేసరికి తేడా తెలిసింది. ఎర్రదారం మన్ను పోసిన సాళ్ళు పై చేను మక్క అంత కాకపోయినా పచ్చగా నిలబడ్డాయి. పచ్చదారం సాళ్ళలో ఆకుల అంచులు కాలుతూ వచ్చాయి. అవి మా పాత మక్కలాగే ఉన్నాయి. ఆ సాళ్ళు పక్క చేను గట్టు వైపు ఎక్కువ ఉన్నాయి. ఆ పక్క చేను మామ ఒకరోజు గట్టు మీద నిలబడి చాలాసేపు చూసి మా ఆయనను పిలిచాడు.

"మంచి మందు లోపలి దిక్కు, పాడు మందు నా దిక్కు పెట్టిచ్చినవు. ఉప్పంత నా చేనుల పడాలెనా?"

మా ఆయన తనకేం తెలియదన్నాడు. ఆయన నమ్మలేదు. నిజానికి రెండు సంచుల్లో తేడా ఏమిటో మాకూ తెలియదు. తర్వాతి వారం ఆ పిల్ల వచ్చినప్పుడు నేనే అడిగాను.

"రెండూ ఒకటే మన్ను అక్కా. పచ్చదారంది ఉడికించిన. ఆవిరి మీద పెట్టి, అందులున్న బూజు చచ్చేదాక."

"కావాలని చంపినవా?"

"అవును. అది లేకపోతే ఎట్లుంటదో తెల్వాలె కదా. పెరిగింది మన్నులున్న సత్తువతోనా, బూజుతోనా అని రేపు మా సార్లు అడుగుతరు. వాళ్ళు అడిగినా అడగకపోయినా, నా మందు మీద నాకే అనుమానం. గా అనుమానం తీర్చుకునెతందుకే సగం సాళ్ళకు సచ్చిన మన్ను పోసిన."

నేను ఆ మాటను చాలాసేపు మనసులో తిప్పుకున్నాను. తను చేసినదాన్ని తనే అనుమానించే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. కానీ మా అత్త మా వెనకే గడ్డి కోస్తోంది. ఆమె విన్నది ఒక్కటే: సగం సాళ్ళకు ఉత్త మన్ను పోసి, అవి ఎండిపోతుంటే ఈ పిల్ల నిలబడి చూస్తోంది. "మా భూమిల గిట్ల చేస్తందుకు ఎవల్నడిగినవు?" అని నిలదీసింది. ఆ పిల్ల క్షమించమంది, ముందే చెప్పాల్సింది అంది. మా అత్త కొడవలి పట్టుకుని మళ్ళీ గడ్డిలోకి వంగింది.

ఆ తర్వాత కొద్ది రోజులకు ఒక పొద్దున మడికి పోతే, ఎర్రదారం సాళ్ళలో కొన్ని మొక్కల మొదళ్ళ పక్కన మన్ను తవ్వి ఉంది. మొక్కలు అలాగే ఉన్నాయి. మన్ను మాత్రం చేటతో ఎత్తినట్టు పోయింది. పంది అనుకుందామంటే పంది మొక్కను వదలదు. మా ఆయన నేరుగా పక్క చేను వైపు చూశాడు. ఆ మామే తీసుకుపోయి తన చేను అంచున పోసుకున్నాడని మా ఇంట్లో తేలిపోయింది. ఆయన చేనులో వెతికితే ఏమీ కనిపించలేదు. దాచాడు అనుకున్నాం. మా ఆయన ఆయన్ను అడిగితే, "మీ మన్ను నాకెందుకు? మీరే తీసి నా మీద ఏస్తున్రు" అన్నాడు. ఇద్దరూ అటు తర్వాత పలకరింపు కూడా మానేశారు.

ఆ పిల్ల వచ్చి చూసింది. గుంతలను మెల్లగా పూడ్చింది. కానీ మక్క కంకి వేసే సమయానికి పచ్చదారం సాళ్ళలో ఒక దిక్కున ఉన్న రెండు సాళ్ళు తేరుకున్నాయి. కొత్తగా వేసిన ఆకుల అంచులు కాలలేదు. పక్కవి అలాగే కాలిపోతుంటే ఆ రెండూ పచ్చబడ్డాయి. అది చూసి ఆమె వెంటనే ఆ సాళ్ళలో కొన్ని వేళ్ళు తవ్వి తీసింది.

మా పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద, తను తెచ్చుకున్న స్టీలు గిన్నెలో ఆ సాళ్ళ వేళ్ళను ఏదో ఘాటు మందు వేసి తెల్లబడేదాకా ఉడికించింది. ఇంట్లో గిన్నె ముట్టుకోవద్దని మా అత్త ముందే చెప్పింది. కడిగి, నీలం రంగు చుక్కలు వేసి, కాలేజీ నుంచి తెచ్చిన చిన్న సూక్ష్మదర్శినిలో పెట్టి చూసింది. చాలాసేపు చూసి నన్నూ చూడమంది. గాజులాంటి వేరులోపల నీలం పోగులు అల్లుకుని ఉన్నాయి. అక్కడక్కడ గుండ్రటి బుడిపెలు, చిన్న చెట్టు కొమ్మల్లా చీలిన గుర్తులు. ఇన్నాళ్ళూ మాటల్లో విన్నది కళ్ళకు కనిపించేసరికి మళ్ళీ మళ్ళీ వంగి చూశాను.

"ఇయ్యి ఇక్కడ ఉండొద్దక్కా," అంది ఆ పిల్ల. "ఇంత తొందరగ ఇన్ని రావద్దు. ఎవలో ఎర్రదారం మన్ను తెచ్చి ఇక్కడ పోసిన్రు."

నేను అద్దం నుంచి తలెత్తాను.

"నువ్వేమన్న పోసినవా అక్కా? పోస్తే చెప్పు. నేను ఏమనను."

అన్నాళ్ళు మేం ఆమెను అనుమానించాం. ఆమె నావైపు ఆ చూపు చూసేసరికి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆమెకు మంచినీళ్ళు ఇచ్చింది నేను, ఎండలో గొడుగు పట్టింది నేను. "నాకేం అవసరం?" అన్నాను, కటువుగానే. తర్వాత ఇంట్లోకి పోయి మా ఆయనను అనుమానించాను. ఆయన ఆ పిల్లనే అనుమానించాడు. పరీక్ష బాగా వచ్చిందని చూపించుకోడానికి తనే పోసుకుని ఉంటుందన్నాడు. పోసుకుంటే మళ్ళీ ఏడుస్తుందా అన్నాను. పెరట్లో ఆమె జల్లెడ కడుగుతూ నిజంగానే ఏడుస్తోంది.

మా అత్త బియ్యం చెరుగుతున్నదల్లా చేట కింద పెట్టి పెరట్లోకి పోయింది.

"నేనే పోసిన," అంది.

ఆ పిల్ల తలెత్తి చూసింది.

"ఒక దిక్కు పెట్టి ఒక దిక్కు ఎండగొడ్తె సూస్కుంట ఉండమంటవా? మా చేతుల మొలిచిన మక్క అది."

"మరి ఇది బూజంటిరి. దుంపకుళ్ళు తెస్తదంటిరి. ఎట్ల పోసిన్రు?"

"అందుకే పసుపుకు దూరం ఉన్న సాళ్ళల్ల పోసిన. నువ్వు చెప్పేది నిజమా అబద్ధమా నాకెట్ల తెలువాలె? నీ సంచుల్ల ఏముందో నీకే ఎరుక. ఇగ నా చేతులతోని పోసి సూసిన."

"నా ఏడాది పని పోయిందమ్మా."

"మక్కలు బతికినయి గదా."

"నాకు కావాల్సింది మక్కలు కాదు." అలా అని ఆ పిల్ల జల్లెడ అక్కడే వదిలేసి లేచింది. మా అత్త ఆమెను ఆపి ఒక్కమాట అడిగింది, ఆ అద్దంలో ఏముందో తనకూ చూపించమని. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని చూపించింది. మా అత్త ఒక కన్ను మూసుకుని వంగి చూసి, లేచి, చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"నీలం రంగు పోస్తె నీలంగనే కనవడ్తది," అంది.

ఆ పిల్ల ఆ తర్వాత చాలా రోజులు రాలేదు. ఇక రాదనుకున్నాం. మా అత్త రోజూ మడి దాకా పోయి వస్తూ ఉండేది. "పిల్ల వచ్చిందా" అని అడిగేది కాదు, "బస్సు టైముకు వచ్చిందా" అని అడిగేది. నాకు ఆ పిల్ల మీద కోపం అప్పటికే పోయింది. నేను అన్న మాట తీరు గుర్తొచ్చి బాధగా ఉండేది.

మక్క కోతకు ఆమె తన సారును వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన పెద్దవాడు, ఎక్కువ మాట్లాడలేదు. చెడిన రెండు సాళ్ళను లెక్కలోంచి తీసేశారట. దొంకేశ్వర్ దగ్గర ఇంకో చౌడు చేనులోనూ ఆమె ఇలాగే వేసిందని, అక్కడ ఎవరూ వేలు పెట్టలేదని అప్పుడే మాకు తెలిసింది. దాంతో ఆమె చదువు ఆగలేదు. ఆమె మా అత్తతో మామూలుగానే మాట్లాడింది. కానీ మా పెరట్లో కూర్చున్నంతసేపూ తన సంచిని ఒళ్ళోనే పెట్టుకుంది.

పోయేముందు ఆమె మా ఆయనకు ఒక విషయం చెప్పింది. ఈ బూజు మొక్కకు ఓపిక ఇస్తుందే కానీ నేలలో ఉప్పును తీసెయ్యదు. నీళ్ళు నిలవకుండా కాలువ తవ్వి వాగులోకి వదలకపోతే ఏ మందూ పని చేయదు అంది. ఆ కాలువ తవ్వాలంటే పక్క చేను గుండా పోవాలి. మాటలు లేని ఇద్దరు ఒక కాలువ తవ్వాలి.

అది కూడా అయింది, కానీ స్నేహంతో కాదు. ఆయన చేను అంచూ మరింత తెల్లబడింది కాబట్టి ఆయనకూ గత్యంతరం లేకపోయింది. తవ్వినన్ని రోజులు మా ఆయన ఆ గట్టు మీద, ఆయన ఈ గట్టు మీద నిలబడ్డారు. ఒకరు గట్టు జరుపుతారేమోనని ఇంకొకరు. కూలీలు ఇద్దరి మాటలూ విని నవ్వుకుంటూ నేరుగా తవ్వారు. ఎర్రదారం సాళ్ళలో మన్ను ఎత్తింది మా అత్తేనని పక్క చేను మామకు ఆ రోజుల్లోనే తెలిసింది. "వదిన అంత పని చేస్తదనుకోలే" అన్నాడు. ఆయన మొహంలో కోపం కన్నా, తన అనుమానం తప్పుచోట పడిందన్న చిన్నతనమే ఎక్కువ కనిపించింది.

మరుసటి ఏడు ఆ మడిలో పసుపులో మక్క కలిపి వేశాం. విత్తేటప్పుడు, ఎర్రదారం సాళ్ళు ఉన్నచోటి మన్నును వేళ్ళ ముక్కలతో సహా తీసి గుంతల్లో వేయమని చెప్పింది మా అత్తే. దుంపకుళ్ళు వస్తుందేమోనని భయపడుతూనే చెప్పింది. మొదట ఒక మూల మాత్రమే వేయించింది. రోజు విడిచి రోజు ఒక దుంప తవ్వి వాసన చూసేది. కుళ్ళు రాలేదు. పసుపు పై చేను అంత పండలేదు, ఆకుల కొసలు కాలడమూ పూర్తిగా పోలేదు, కానీ ఆర్మూర్ మార్కెట్‌కు ఆ మడి కొమ్ములు కూడా సంచుల్లో పోయాయి. అది మన్ను వల్లనా, తవ్విన కాలువ వల్లనా అంటే నేను ఇప్పటికీ చెప్పలేను. మా ఆయన కాలువ అంటాడు. మా అత్త రెండూ కాదు, ఆ ఏడు వానలు ఉప్పును కడిగాయి అనేది.

ఆ పిల్లకు తర్వాత ఎక్కడో ఉద్యోగం వచ్చిందని వ్యవసాయ ఆఫీసరు చెప్పాడు. మళ్ళీ కలవలేదు.

తొంభైల చివర్లో ఒకసారి ఆర్మూర్‌లో ఎరువుల దుకాణానికి పోతే, ఆ వేళ్ళ బూజును రంగురంగుల ప్యాకెట్లలో అమ్ముతున్నారు. చౌడుకు మంచిది, అన్ని పంటలకూ మంచిది అని రాసి ఉంది. ప్యాకెట్లు దుకాణం ముందు రేకుల కింద, మధ్యాహ్నపు ఎండలో గుట్టగా ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుంటే వేడిగా తగిలింది.

"ఇది ఎన్ని దినాలాయె ఇక్కడ పెట్టి?" అని అడిగాను.

"మొన్ననే వచ్చిందమ్మా. మస్తు పోతున్నది."

"ఎండల పెడితె లోపలున్నది బతుకుతదా?"

దుకాణం అతను నావైపు వింతగా చూశాడు. "మన్నే కదమ్మా. మన్ను చస్తదా?" అన్నాడు.

నేను ప్యాకెట్ పెట్టేసి, కావలసిన ఎరువు మాత్రం కట్టించుకుని పెర్కిట్ ఆటో ఎక్కాను.